తాత గొంతుతో పుట్టిన పిల్ల

ఫోనెత్తి హలో అనగానే అవతలివాళ్లు "జలుబు చేసిందా?" అంటారు. కొత్తగా పరిచయమైనవాళ్లయితే మిరియాల కషాయం ఎలా కాచుకోవాలో కూడా చెప్పేస్తారు. ఒకప్పుడు ఓపిగ్గా వివరించేదాన్ని. ఇప్పుడు "ఇది బాగుపడిన గొంతండీ, పాతది విని ఉంటే ఫోను పెట్టేసేవాళ్లు" అంటాను. నమ్మరు. నమ్మకపోతే పోయారు గానీ, ఆ పాత గొంతు సంగతి చెప్పుకోవడం నాకు భలే ఇష్టం. లోకంలో ఎవరింట్లోనైనా జబ్బొస్తే దాచుకుంటారు. మా ఇంట్లో మాత్రం దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించారు.

మాది పటాన్‌చెరు దాటాక భానూరు దగ్గర ఒక ఊరు. మా తాత, అంటే మా నాయిన వాళ్ల నాయిన, ఆ ఊళ్లో పెద్ద రైతు. జొన్న, చెరుకు, రెండు జతల ఎడ్లు, పంచాయితీలో ముందు వరస. నేనాయన్ని చూడలేదు. చూసినవాళ్లు మాత్రం ముందుగా చెప్పేది ఆయన గొంతు గురించే. పుట్టుకతోనే బొంగురు గొంతట. ఎండిన జొన్నాకులు ఒకదానికొకటి రాసుకున్నట్టు గరగరమనేదట. ఆయన అరవలేడు. అందుకని ఆయన నోరు తెరిస్తే మిగతావాళ్లంతా నోరు మూసుకోవాల్సి వచ్చేది, లేకపోతే వినబడదు మరి. పోను పోను ఊరికి అదే ఒక అధికారంలా కనిపించింది. "పటేలు లొల్లి వెట్టడు, మాటంటడు" అని చెప్పుకునేవాళ్లు. ఆయన పోయాక ఊరి పంచాయితీల్లో అరుపులు మొదలయ్యాయని మా నాయినమ్మ వాదన. అసలు అరుపులు లేని పంచాయితీ ఎక్కడుంటుందో నాకు తెలియదు, కానీ నాయినమ్మతో వాదించి గెలిచినవాళ్లు మా ఊళ్లో లేరు.

తాత పోయిన కొన్ని నెలలకు నేను పుట్టాను. పిల్లలు పుట్టగానే క్యారుమంటారు కదా, నేను గరగరమన్నానట. మా అమ్మ బెదిరిపోయింది. పిల్ల గొంతులో ఏదో అడ్డం పడిందని మంత్రసాని నన్ను తలకిందులు చేసి వీపు చరిచింది. గది బయట కూచున్న నాయినమ్మ మాత్రం ఆ ఏడుపు వినగానే లేచి నిలబడి, తలమీద కొంగు కప్పుకుని, "వచ్చిండు" అంది.

ఎవరొచ్చారని ఎవరూ అడగలేదు. ఆ గొంతు అందరూ గుర్తుపట్టారు.

మా వైపు ఇది కొత్తేం కాదు. ఇంట్లో పెద్దవాళ్లు పోయాక పుట్టిన బిడ్డను వాళ్లే తిరిగొచ్చారనుకోవడం, వాళ్ల పేరే పెట్టుకోవడం మామూలే. కాకపోతే మిగతా ఇళ్లల్లో అది పేరు పెట్టేదాకానే. మా ఇంట్లో సాక్ష్యం రోజూ నోరు తెరిచి మాట్లాడుతుండేది. ఆడపిల్లగా వచ్చాడేమిటని ఎవరో అంటే, "మీ పంచాయితీలతోని యాష్టకొచ్చి ఆడిదై పుట్టిండు" అని నాయినమ్మ నోరు మూయించిందట.

అలా నేను ఇంటికి పెద్దనయ్యాను. అన్నం మొదట నాకే వడ్డించాలి. నేను గడప దాటి వస్తుంటే నాయినమ్మ కొంగు సర్దుకునేది. నన్ను పేరు పెట్టి పిలవదు. అది మొగుడి పేరు కదా! "ఇగో" అని పిలిచేది, ఆయన్ని పిలిచినట్టే. విత్తనాలు ఎప్పుడు వెయ్యాలో కూడా నన్నడిగేది. నాలుగైదేళ్ల పిల్లను, నాకేం తెలుసు? "రేపు" అనేదాన్ని. మా నాయిన తల గోక్కుంటూ మర్నాడు నాగలి కట్టేవాడు. మా అమ్మ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది. మా అమ్మకు తాత సొంత మేనమామ. ఆయన అక్క కూతురే మా అమ్మ. అంటే మా అమ్మానాన్నలది మేనరికం. అందుకే ఆమెకు ఆ ఇంట్లో నవ్వే చనువుండేది.

నవ్వినా, తల్లి కాబట్టి భయం భయమే. నాకు కొండనాలుక జారిందని ఎవరో చెబితే, నాయినమ్మకు తెలియకుండా పక్క ఊరికి తీసుకుపోయింది. అక్కడొక ముసలమ్మ కొండనాలుక ఎత్తడంలో పేరు మోసింది. నడినెత్తి మీద జుట్టు పిడికిట పట్టుకుని, ఒక్క గుంజు గుంజితే లోపల జారిన కొండనాలుక పైకి లేస్తుందని లెక్క. గుంజింది. నా కళ్లల్లో నీళ్లొచ్చాయి గానీ గొంతు మారలేదు. ఇంటికొచ్చాక సంగతి బయటపడింది. నాయినమ్మ రుద్రాణి అయిపోయింది. "పటేలును జుట్టు వట్టి గుంజిపిస్తవా? ఊర్ల ఎవలన్న ఆయన జుట్టు మీద చెయ్యేసిండ్రా?" అని మా అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు.

గొంతొక్కటే కాదు. నా చర్మం కూడా వేరేగా ఉండేది. చిన్న దెబ్బ తగిలినా పొక్కు లేచేది, మానాక గుంట పడేది. బడికి వెళ్లే వయసుకే నా మొహం అమ్మవారు పోసి తగ్గినట్టు గుంటలుగుంటలుగా ఉండేది. మోచేతులు, మోకాళ్లు గరుకుదేరి దళసరిగా అయ్యాయి. కనురెప్పల అంచున చిన్న చిన్న పూసలు వరసగా గుచ్చినట్టు లేచాయి. ఒకసారి బడికి పరీక్షకొచ్చిన ఆరోగ్య శాఖ ఆయన నన్ను విడిగా నిలబెట్టి, దూది ముక్కతో చేతులమీద తాకి, తెలుస్తోందా అని అడిగాడు. కుష్ఠు అనుమానం. తెలుస్తోందని చెయ్యి గుంజుకున్నాను. ఆ మాట విని నాయినమ్మ బడికే వచ్చింది. "మా ఆయనకు గిట్లనే ఉండె. డెబ్బై ఏండ్లు బతికిండు. ఏం కుష్ఠు?" అని పంతులును నిలదీసింది. పంతులు చేతులు జోడించాడు.

ఆ పెద్దరికాన్ని నేను బాగా వాడుకున్నానని దాచకుండా చెబుతాను. మా ఊళ్లో బడి ఐదో తరగతి వరకే. ఆ తర్వాత ఆడపిల్లలు చేలకు పోయేవాళ్లు. నేను అన్నం ముందు కూచుని, గొంతు ఇంకాస్త బొంగురు చేసి, "పటాన్‌చెరు బడికి పోత" అన్నాను. మా నాయిన ఏదో అనబోయాడు. "ఆయన అన్నడంటె అన్నట్టే" అని నాయినమ్మ తేల్చేసింది. మా అమ్మ ఆ రోజు నా పక్కన పడుకుని, "మామ బతికున్నప్పుడు ఆడపిల్లలకు బడి అన్న మనిషి గాదే" అని చెవిలో నవ్వింది. మా ఊరి నుంచి బస్సెక్కి బడికెళ్లిన మొదటి ఆడపిల్లను నేనే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

ఈలోగా మా పొలంలో చాలా భాగం కర్మాగారానికి పోయింది. దాని బదులు మా నాయినకు అందులోనే నౌకరి దొరికింది. ఎడ్లు పోయి సైకిలొచ్చింది. జొన్నచేల మీద నుంచి వచ్చే గాలి పోయి ఘాటు వాసన గాలి వచ్చింది. ఎనభైల చివరికొచ్చేసరికి పటాన్‌చెరు వైపు నుంచి గాలి తిరిగితే కళ్లు మండేవి. వాగులో నీళ్లు ఒక్కో రోజు ఒక్కో రంగు. నేను పదో తరగతి పాసై ఇంటర్లో చేరాను. అప్పుడే నాకు ఆయాసం మొదలైంది. బస్సు కోసం పరుగెత్తితే గొంతులో ఈల వినబడేది. గొంతు కూడా ఇంకా కిందికి పోయింది. పక్కనున్నవాళ్లకు తప్ప నా మాట వినబడడం మానేసింది.

అందరూ పొగ అన్నారు. నాయిన పనిచేసే చోటి దవాఖానాలో డాక్టరు కూడా పొగే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మా గొంతు ఆ పొగకంటే ఎంతో ముందు పుట్టింది, పొగకు లేనిపోని ఘనత కట్టబెడుతున్నారనిపించింది. మందులు వాడితే తగ్గకపోగా ఈల పెరిగింది. చివరికి ఆ డాక్టరే హైదరాబాదులో పెద్ద దవాఖానాకు పొమ్మన్నాడు.

నాయిన, నేను పోదామనుకున్నాం. నాయినమ్మ కొత్త చీర కట్టుకుని ముందే బస్టాపులో నిలబడింది. ఆయన్ని ఒక్కణ్ని పట్నం పంపి ఆమె ఇంట్లో ఎలా కూచుంటుంది?

గొంతు డాక్టరు చిన్న అద్దాన్ని నోట్లో పెట్టి లోపలికి చూడాలన్నాడు. అందుకు నాలుక బయటికి చాపాలి. నా నాలుక మందంగా, గట్టిగా ఉంటుంది, పళ్లు దాటి రాదు. బడిలో ఎవర్నీ నాలుక చాపి వెక్కిరించలేకపోయానన్నదే అప్పటిదాకా దానివల్ల నాకున్న బాధ. ఆయన ఎంతో కష్టపడి ఎలాగో చూశాడు. మాట పుట్టే తీగలు రెండూ పెచ్చు కట్టినట్టు మందంగా ఉన్నాయన్నాడు. తర్వాత నా మొహం, మోచేతులు, కనురెప్పలు మార్చి మార్చి చూసి, ముందు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లి రమ్మన్నాడు. "ఊపిరాడక వస్తే చర్మం డాక్టరేంది? ఎవరి పని ఎవరు జేస్తుండ్రు ఈడ?" అని నాయినమ్మ వరండా పొడవునా గొణిగింది.

చర్మం డాక్టరుగారు కోస్తా వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి. నాయినమ్మను చూడగానే "కూర్చోండి మామ్మగారూ" అన్నారు. ఆమె నా చెవి దగ్గరికి వంగి, "మామ్మ అంటె ఏంది?" అంది. "నాయినమ్మ అన్నట్టే" అన్నాను. "గట్లయితె మంచోడే" అని కుర్చీ నిండా కూచుంది.

ఆయన నన్ను కళ్లు మూసుకోమని రెప్పల అంచుల్ని భూతద్దంతో చూశారు. మోచేతులు తడిమారు. గొంతు ఎప్పటినుంచి ఇలా ఉందని అడిగారు. పుట్టినప్పటి నుంచీ అన్నాను.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?"

"లేదు సార్" అన్నాడు నాయిన.

"లేదంటవేందిరా!" అని నాయినమ్మ లేచి నిలబడింది. "సారూ, మీకు ఎరుక లేక అడుగుతుండ్రు. గిది పిల్ల గాదు. మా ఆయన. సచ్చిపోయి మల్ల వచ్చిండు. నమ్మకుంటె ఒక్కొక్కటి చెప్త, సూస్కోండ్రి."

నాయిన నేల చూపులు చూశాడు. ఆమె మొదలుపెట్టింది. ఆ గొంతు తొట్టెలలో ఉన్నప్పటి నుంచే ఆయనకు ఉందని వాళ్ల అత్త చెప్పేదట. ఆయన రెప్పలకూ ఇవే పూసలు, ముత్యాలు కుట్టినట్టు. పెళ్లిపీటల మీద తలెత్తితే మొదట కనిపించినవి అవేనట. ఆయన నాలుకా బయటికి రాదు, తమలపాకు నమిలి నాలుక ఎర్రబడిందో లేదో చూపించమంటే చూపించలేకపోయేవాడు. మొహాన ఇవే గుంటలు. ముల్లు గీరినా మచ్చ పడేది. మోచేతులు ఎద్దు మెడలా కాయలు కాసి ఉండేవి. చెబుతున్నకొద్దీ నాయినమ్మ నిటారుగా అయిపోతోంది. పదిహేడేళ్లుగా ఊళ్లో ఈ సాక్ష్యాలన్నీ వినిపిస్తూనే ఉంది. ఊ కొట్టినవాళ్లే గానీ ఇంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు. డాక్టరుగారు కలం పక్కన పెట్టేశారు. కుర్చీ ముందుకు లాక్కున్నారు. నాలుక సంగతి రెండోసారి చెప్పించుకున్నారు.

నాకప్పుడు పట్టరానంత గర్వంగా ఉంది. పట్నం డాక్టరు, గోడ నిండా పుస్తకాలున్న మనిషి, మా నాయినమ్మ ముందు పిల్లాడిలా వింటున్నాడు. ఆమె తాత తిరిగొచ్చాడని రుజువు చేస్తోంది. ఆయన అదే మాటల్లోంచి జబ్బును వెతుక్కుంటున్నారు. ప్రతి గుర్తూ ఇద్దరికీ సరిపోతోంది.

అన్నీ అయ్యాక ఆయన మెల్లగా అడిగారు. "చివర్లో ఆయన ఎలా పోయారు మామ్మగారూ?"

నాయినమ్మ ఆగిపోయింది. "దమ్ముతోని" అంది. తర్వాత కూచుంది. "కడకు పండుకోకపోయేది. గోడకు ఆనుకొని, మోకాళ్ల మీద చేతులు వెట్టి కూసునేటోడు. గొంతుల ఈలేసినట్టు వస్తుండె. మందులు తెచ్చినం, మంత్రాలేసినం. ఆగలె." అంతకుముందెప్పుడూ ఆమె ఆ సంగతి చెప్పగా నేను వినలేదు. ఆయన పుట్టుక, పెళ్లి, పంచాయితీలు అన్నీ తెలుసు నాకు. చావు మాత్రం తెలియదు.

డాక్టరుగారు నా మోచేతి దగ్గర మత్తు సూదిచ్చి చిన్న చర్మం ముక్క తీశారు. "నేననుకున్నదే అయితే, ఇది నేను చదువుకున్నానే గానీ ఇంతవరకు కళ్లతో చూడలేదు" అన్నారు.

కొన్ని రోజుల తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి మా అమ్మ కూడా వచ్చింది. డాక్టరుగారు నన్ను సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకుపోయి, చూడమన్నారు. గులాబీ రంగులో మెరుస్తున్న వలయాలు. ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనిపించే పొరల్లా, ఒకదాని చుట్టూ ఒకటి. అది నేనే. నా మోచెయ్యి. ఆ పొరలు చర్మంలోనూ, నాలుకలోనూ, గొంతు తీగల మీదా గాజులాగా పేరుకుంటూ పోతాయని ఆయన చెప్పారు. జబ్బు పేరు లైపాయిడ్ ప్రొటినోసిస్ అన్నారు. తిరగని నాలుకతో ఆ పేరును పదేపదే అనుకుని అక్కడికక్కడే నేర్చేసుకున్నాను. అంతకాలం జబ్బేమిటో తెలియక కాదు, జబ్బుందనే తెలియక బతికినదాన్ని. పేరు దొరకగానే నాకేదో ఆస్తి దొరికినట్టనిపించింది.

ఆ రోజు వైద్య విద్యార్థులు గుంపుగా వచ్చారు. ఒకరినొకరు తోసుకుంటూ నా కళ్లలోకి వంగి చూస్తుంటే చిరాకేసి, "ఒక్కొక్కరే రాండ్రి, నేనేం ఉరికిపోత లేను" అన్నాను. వినబడక మళ్లీ చెప్పమన్నారు. నాయినమ్మ నా పక్కన కొంగు కప్పుకుని నిలబడి, "వరస తప్పకుండ్రి" అని వాళ్లను సర్దుతోంది. పట్నమంతా పటేలును చూడ్డానికి వచ్చిందనే ఆమె అనుకుంది. అనుకోనిచ్చాను.

తర్వాత డాక్టరుగారు మా వాళ్లను కూచోబెట్టి అసలు సంగతి చెప్పారు. ఈ లోపం తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి కలిస్తేనే బయటపడుతుందట. మేనరికం అన్నారు. నాయిన తల దించుకున్నాడు. మా అమ్మకు మాత్రం రోషమొచ్చింది. "మేనమామ కొడుకును చేసుకోక బజార్ల పోయేటోన్ని చేసుకుంటరా సారూ?" అంది. ఆయన నవ్వారు. నవ్వాక మళ్లీ గంభీరంగా అయ్యారు. చర్మానికి చెప్పుకోదగ్గ మందు లేదని, దెబ్బలు తగలకుండా చూసుకోవాలని చెప్పారు. గొంతు సంగతి వేరు. పొరలు ఇలాగే పెరిగితే ఊపిరి దారి మూసుకుపోతుంది. మత్తిచ్చి, సూక్ష్మదర్శినితో చూస్తూ తీగల మీది మందాన్ని గీకి తీయాలి. గొంతు బాగుపడవచ్చు. పోనూవచ్చు. మళ్లీ పేరుకుంటే మళ్లీ తీయాలి.

"అంటె మా ఆయన్ది గూడ గీ రోగమేనా?" అని నాయినమ్మ అడిగింది.

"మీరు చెప్పినదాన్ని బట్టి అదేనమ్మా."

"రోగం గాదు" అంది. "అది ఆయన గొంతు." లేచి బయటికి వెళ్లిపోయింది. 

ఇంట్లో యుద్ధం మొదలైంది. "ఆయన గొంతును కత్తివెట్టి గీకుతరట! ఒక్కపారి పోగొట్టుకున్న, చాలదా?" అని నాయినమ్మ. మా అమ్మ జీవితంలో మొదటిసారి అత్తకు ఎదురు నిలబడింది. "నాకు మామ వద్దత్తా, బిడ్డ గావాలె. మామకు చెయ్యాల్సినంత చేసిన." నాయిన డ్యూటీ దిగి సైకిలు మీద రావడం, ఈ మాటలు వినడం, కాళ్లు కడుక్కుని మళ్లీ సైకిలెక్కడం. ఇంటికి పెద్దను నేనే కదా, నేనేమంటానో మాత్రం ఎవరూ అడగలేదు. నాకూ ఏమనాలో తెలియలేదు. ఆ గొంతు పోతే నేనేమిటి? అన్నం మొదట వడ్డించేది దానికే. నన్ను బస్సెక్కించింది అదే. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. గీకడానికి కాదు, గీకాక మామూలు పిల్లనై మిగిలిపోతానని.

ఒక మధ్యాహ్నం గాలి పటాన్‌చెరు వైపు నుంచి తిరిగింది. ఘాటుకు దగ్గొచ్చింది. దగ్గుతో పాటు ఆయాసం ఎగదన్నింది. పడుకోలేకపోయాను. గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ఊపిరి కోసం కూచున్నాను. నాయినమ్మ చేట పట్టుకుని లోపలికొచ్చింది. నన్ను చూసి చేట కింద పెట్టింది. అంతవరకు నాలో ఏ పోలిక కనిపించినా ఆమె మొహం వెలిగేది. "గట్లనే, అచ్చం గట్లనే" అనేది. ఆ రోజు అనలేదు. నా ఎదురుగా నేలమీద కూచుని నా గొంతులోని ఈలను వింటూ ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

ఆయాసం కాస్త తగ్గాక అడిగింది. "ఇగో. ఏమంటవు? పోదామా దవాఖానకు?"

"పోదాం" అన్నాను.

"ఆయన అంటుండా, నువ్వంటున్నవా?"

ఆ ప్రశ్న ఆమె అంతకుముందెప్పుడూ వెయ్యలేదు. ఆయన అంటున్నాడని చెబితే క్షణంలో పనయిపోతుందని నాకు తెలుసు. కానీ చెప్పలేకపోయాను. "నేనంటున్న నాయినమ్మా. ఆయనకు ఊపిరాడలె. నాకు ఆడాలె" అన్నాను.

ఆమె చేట పక్కకు జరిపింది. తర్వాత మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచి, వంటింటి వైపు తిరిగి, "కోడలా, బట్టలు సదురు. జల్దీ" అంది. ఆ ముసలామె ఆ మధ్యాహ్నం చేసిన పనిని మించిన ధైర్యం నేను ఆ తర్వాత ఎవరిలోనూ చూడలేదు. మొగుణ్ని రెండోసారి సాగనంపడానికి తనంత తాను లేచి నిలబడింది.

ఆపరేషను గురించి నాకు గుర్తున్నది తక్కువ. పచ్చటి గోడలు, చేతి మీద సూది, గొంతు డాక్టరు "భయం లేదమ్మా" అనడం. అంతే. మెలకువ వచ్చేసరికి నోరంతా ఇనుము రుచి. చర్మం డాక్టరుగారు మంచం పక్కన నిలబడి ఉన్నారు. ఆయనకు అక్కడ పని లేదు, అయినా వచ్చారు. తీయాల్సినవన్నీ తీశామని, తాను చెప్పేదాకా గుసగుస కూడా చెయ్యొద్దని వేలు పెదవి మీద పెట్టి చూపించారు. నేను తల ఊపాను. అప్పుడు గమనించాను, గొంతులో ఈల లేదు. వెల్లకిలా పడుకుని ఉన్నాను. ఊపిరి తనంతట తాను వస్తూ పోతూ ఉంది. ఊపిరి పీల్చుకోవడం అంత తేలికైన పని అని నాకు అప్పటిదాకా తెలియదు. లోకమంతా ఇంత సుఖంగా ఉందా అని కోపం కూడా వచ్చింది.

(ఆ తర్వాత కొన్నేళ్లకోసారి మళ్లీ వెళ్లి గీకించుకోవాల్సే వచ్చింది. ఇప్పటికీ వెళతాను. బీరంగూడలో నేను పాఠాలు చెప్పే బడికి మామూలుగా సెలవు పెట్టి, పోయి వస్తాను. నా తరగతిలో పిల్లలకు అలవాటే. టీచరు నోరు తెరిస్తే వాళ్లు నోరు మూసుకుంటారు.)

మాట్లాడకుండా ఉన్న ఆ రోజులన్నీ నాయినమ్మ నా మంచం దగ్గరే ఉంది. ఆమె కూడా ఏం మాట్లాడలేదు. నాకు మాట బంద్ అంటే తనకూ బంద్ అనుకున్నట్టుంది. వార్డులో ఎవరైనా పలకరిస్తే తల ఊపేది. అమ్మ వచ్చి వెళుతోంది, నాయిన డ్యూటీలు మార్చుకుని వస్తున్నాడు. అందరి మనసులో ఒకటే. ఈ నోట్లోంచి ఏం వస్తుంది? అసలు వస్తుందా?

ఒక పొద్దున డాక్టరుగారు వచ్చి, ఇక మాట్లాడొచ్చు, మెల్లగా ఒక్క మాట అనమన్నారు. ఆ ఒక్క మాట ఏదై ఉండాలా అని అన్ని రోజులూ ఆలోచించాను. డాక్టరుకు నమస్తే చెప్పాలనీ, అమ్మా అనాలనీ రకరకాలు అనుకున్నాను. తీరా నోరు తెరిచేసరికి అవేవీ రాలేదు.

"ఆకలైతుంది" అన్నాను.

కొద్దిగా బొంగురే. కానీ కింద గరగర లేదు. మాటకు ఒక చివర, ఒక మొదలు ఉన్నాయి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాయిన కిటికీ వైపు తిరిగాడు. నాయినమ్మ కళ్లు మూసుకుని విన్నది. మూసిన కళ్లు తెరవలేదు. మాట ఆగిపోయిన తర్వాత కూడా ఇంకా వింటున్నట్టే ఉంది. 

"ఆయనది గాదు" అంది చివరికి. కళ్లలోంచి నీళ్లు కారి ముడతల్లోకి పోయాయి. తుడుచుకోలేదు. నా చెయ్యి పట్టుకుంది. "ఎవలదో నాకు ఎరుక లేదు. నీదే అయ్యుంటది. ఇంకోపారి అను బిడ్డా, మంచిగ వింట."

నేను దిండు మీద నుంచి లేచి కూచున్నాను. "ఆకలైతుంది నాయినమ్మా" అన్నాను. వార్డు ఆ చివర, తలుపు దగ్గరున్న సిస్టరమ్మ తిరిగి చూసింది.